నూటికి తొంభై తొమ్మిది వచ్చినా ఫెయిలే

ఆడిటర్ల ఆఫీసుల్లో ఈ మధ్య ఒక నమ్మకం స్థిరపడిపోయింది. పార్టీ పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ని సాఫ్ట్‌వేర్‌లో పడేస్తే ఎక్సెల్ అయి బయటికొస్తుంది, అక్కణ్ణుంచి టాలీలోకి వెళ్ళిపోతుంది, ఇక మనం సంతకం పెట్టుకోవడమే. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ప్రశ్నకి జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: ఏది ఎక్కువ శాతం కరెక్టుగా చదువుతుందో, ఏది పేజీకి తక్కువ తీసుకుంటుందో అది. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పడంలో ఆశ్చర్యం లేదు, అది వాళ్ళ వ్యాపారం. ట్రయల్ బ్యాలెన్స్‌లో పదకొండు రూపాయల తేడా వస్తే రాత్రి భోజనం మానేసి వెతికే వృత్తిలో ఉన్నవాళ్ళు కూడా అదే మాట అప్పజెబుతున్నారే, అదీ నాకు మింగుడుపడనిది.

నా వాదం ముందే చెప్పేస్తాను. ఈ సాఫ్ట్‌వేర్‌ని శాతాలు చూసి ఎంచుకోవడం శుద్ధ దండగ. ఎంత బాగా చదువుతుందన్నది రెండో ప్రశ్న. చదవలేకపోయిన చోట ఆగి, ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’ అని చెప్పడం దానికి తెలుసా అన్నది మొదటి ప్రశ్న. కొనేవాళ్ళు ఈ మొదటి ప్రశ్న అడగరు కాబట్టి అమ్మేవాళ్ళు దానికి జవాబు తయారుచేసుకోరు.

సాఫ్ట్‌వేరే వద్దనేవాణ్ణి కాను. వద్దనగలిగే రోజులు కూడా పోయాయి. 2025 ఆగస్టులో, ఒక్క నెలలోనే, దేశంలో యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటాయి. ఒకప్పుడు కిరాణా కొట్టు కరెంట్ ఖాతాలో నెలకి పాతిక ఎంట్రీలుంటే గొప్ప: నాలుగు చెక్కులు, రెండు డీడీలు, వారానికోసారి కట్టే నగదు. గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అంటించిన రోజు నుంచి పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు కూడా స్టేట్‌మెంట్‌లో ఒక వరస. ఏడాది తిరిగేసరికి అది వందల పేజీలు. సెప్టెంబరులో, ట్యాక్స్ ఆడిట్ల ఒత్తిడి నడినెత్తిన ఉన్నప్పుడు, దాన్నంతా చేత్తో కొట్టమని ఆర్టికల్ కుర్రాడికి అప్పజెప్పడం అన్యాయం. కాబట్టి తగువు సాఫ్ట్‌వేర్ ఉండాలా వద్దా అని కాదు. దాన్ని మనం కొనే పద్ధతి మీద.

ముందు ఆ 99 శాతం సంగతి. దేనిలో 99? అక్షరాల్లోనా, గడుల్లోనా, వరసల్లోనా? ప్రకటనలో అది ఉండదు. స్టేట్‌మెంట్‌లో వరసకి తక్కువలో తక్కువ ఐదు గడులు: తేదీ, నెరేషన్, రిఫరెన్స్ నంబరు, మొత్తం, నిల్వ. ఒక్కో గడిని నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గా చదువుతుందనీ, తప్పులు దేనికదే విడివిడిగా పడతాయనీ అనుకుందాం. ఐదుకి ఐదు గడులూ సరిగ్గా వచ్చే వరసలు 95 శాతమే తేలతాయి. అంటే వెయ్యి ఎంట్రీల స్టేట్‌మెంట్‌లో దాదాపు 49 వరసల్లో ఎక్కడో ఒకచోట తప్పుంటుంది. 99 శాతం అని వినగానే మన మనసులో మెదిలే బొమ్మ ఇది కాదు.

సరే, 49 వరసలే కదా, దిద్దుకుందాం అంటారు. ఏ 49? అది తెలియాలంటే వెయ్యీ చూడాలి. అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు పట్టి చూసే న్యాయం ఇక్కడ చెల్లదు, ఒక వరస బాగుంటే పక్క వరస బాగుంటుందన్న హామీ ఏమీ లేదు. ఇదే స్టేట్‌మెంట్‌ని మరో సాఫ్ట్‌వేర్ తొంభై శాతమే చదివి, మిగతా వంద వరసలకీ ఎర్ర రంగు పూసి ‘ఇవి మీరు చూసుకోండి’ అని ఇచ్చిందనుకోండి. మనకి పని వంద వరసలకే. మొదటిదాంతో పని వెయ్యికి. ఏది మెరుగో తేల్చడానికి చార్టర్డ్ అకౌంటెన్సీ చదవక్కర్లేదు. కానీ పోలికల పట్టికలో మొదటిది పైనా రెండోది కిందా ఉంటాయి. మనం పైదాన్నే కొంటాం.

అసలు తప్పులెందుకు వస్తాయో ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడాలి. పీడీఎఫ్ అచ్చు కోసం పుట్టిన ఫైలు. మన కంటికి అందులో పట్టిక కనబడుతుంది గాని, చాలా స్టేట్‌మెంట్లలో లోపల పట్టిక అనేదే ఉండదు. ఈ అక్షరం కాగితం ఎడమ అంచు నుంచి ఇంత దూరంలో, కింది అంచు నుంచి ఇంత ఎత్తులో పడాలి, అంతే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ దూరాలు కొలిచి, మధ్యలో ఖాళీలు చూసి, నిలువు వరసలు ఊహించుకుంటుంది. జమ, తీసివేత అని రెండు నిలువు వరసలుంటే ప్రతి ఎంట్రీలోనూ ఒకటి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని అటూ ఇటూగా ఊహిస్తే పోయిన డబ్బు వచ్చిన డబ్బవుతుంది. నెరేషన్ మూడు లైన్లకి పాకితే, రెండో లైన్లో ఉన్న చెక్కు నంబరు కొత్త ఎంట్రీ అయి కూర్చుంటుంది. పేజీ మారినప్పుడల్లా పైన వేసే ‘ముందు పేజీ నిల్వ’ వరసని జమగా లెక్కేసుకున్న కన్వర్టర్లు ఉన్నాయి. ఓడీ ఖాతా, సీసీ ఖాతా అయితే నిల్వ పక్కన చిన్నగా డెబిట్ అనో క్రెడిట్ అనో గుర్తు ఉంటుంది. ఆ రెండక్షరాలు జారిపోతే బ్యాంకుకి బాకీ ఉన్న పార్టీ బ్యాంకులో డబ్బు దాచుకున్నవాడైపోతాడు.

ఇది నేరుగా బ్యాంకు నుంచి వచ్చిన పీడీఎఫ్ సంగతి. స్కాన్ చేసిన పాస్‌బుక్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ప్రింటరు రిబ్బను అరిగిపోయి, అంకె సగం పడి, దాని మీద బ్రాంచి ముద్ర పడి, ఆ మొత్తాన్ని ఫోనుతో వంకరగా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. పైసల ముందు చుక్క కామాలా కనబడితే 1,250.00 కాస్తా లక్షా పాతికవేలు. ఇలాంటి పార్టీలు ఎక్కడో లేరు, మండల కేంద్రంలో ఎరువుల దుకాణం నడిపే ప్రతివాడూ ఇంతే. సాఫ్ట్‌వేర్ డెమోలో మాత్రం ఎప్పుడూ పెద్ద ప్రైవేటు బ్యాంకు స్టేట్‌మెంటే చూపిస్తారు, తళతళలాడుతూ.

బ్యాంకులు కూడా ఉన్నచోట ఉండవు. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే ఒకటిన చైతన్య గోదావరి, ఆంధ్రప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులు నాలుగూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఇలా కలిసినప్పుడల్లా ఒకే పార్టీ లెక్కల్లో పాత బ్యాంకు నమూనా కొంత, కొత్త బ్యాంకు నమూనా కొంత వస్తుంది. ‘మాకు ఇన్ని వందల బ్యాంకుల నమూనాలు తెలుసు’ అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌కి రేపు మారబోయే నమూనా తెలియదు. తెలియకపోవడం నేరం కాదు. తెలియనిదాన్ని తెలిసినదానిలా చదివేయడం నేరం.

మరి తప్పుని సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎలా పట్టుకుంటుంది? చిత్రమేమిటంటే అందుకు కావలసిన సాధనం స్టేట్‌మెంట్‌లోనే ఉంది. ప్రతి వరసలోనూ నిల్వ ఉంటుంది. పై వరస నిల్వకి జమ కలిపి, తీసివేత తీసేస్తే ఈ వరస నిల్వ రావాలి. రాకపోతే ఆ వరసలో ఏదో పొరపాటుంది. మొదటి నిల్వ నుంచి చివరి నిల్వ దాకా గొలుసు తెగకుండా వస్తే మొత్తాలన్నీ దాదాపు సరైనవే. ఇందులో ఏఐ లేదు, ఐదో తరగతి కూడికా తీసివేతా. లక్షలు పోసి కొనే సాఫ్ట్‌వేర్ ఈ కూడిక ప్రతి వరసకీ చేసి చూపించకపోతే దాన్ని ఆఫీసు గుమ్మం తొక్కనివ్వకూడదు. ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా లాగి మీరే చేసుకోవచ్చనుకోండి. కానీ ఎంతమంది చేస్తున్నారు?

నిల్వ సరిపోతే అంతా సరిపోయినట్టేనా అంటే అదీ కాదు. ఈ కూడికకి తేదీలు పట్టవు. 03/04/2025 అని ఉన్నదాన్ని మనం ఏప్రిల్ మూడు అని చదువుతాం. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరు మార్చి నాలుగు అని చదువుతుంది. ఒక్క దెబ్బతో ఎంట్రీ 2025-26 నుంచి 2024-25లోకి వెళ్ళిపోతుంది, నిల్వ మాత్రం పైసాతో సహా సరిపోతుంది. పన్నెండో తారీఖు దాటిన తేదీలకి ఈ గొడవ లేదు కాబట్టి సగానికి పైగా తేదీలు చక్కగా ఉంటాయి, పైపైన చూసేవాడికి అనుమానం కూడా రాదు. ఎక్సెల్ తన వంతు సాయం తాను చేస్తుంది. చెక్కు నంబరు ముందున్న సున్నాలు తినేస్తుంది. పదిహేను అంకెలు దాటిన సంఖ్య ఇస్తే పదహారో అంకె నుంచీ సున్నాలు చేసేస్తుంది. పన్నెండంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరుని ఇంజనీరింగ్ లెక్కలా కుదించి చూపిస్తుంది. రేపు ఆదాయపు పన్ను అధికారి ఒక ఎంట్రీ పట్టుకుని ఇదేమిటని అడిగితే, వెతకడానికి మన చేతిలో ఉండే ఏకైక ఆధారం ఆ నంబరే.

ఇక్కడ ఎదుటివాళ్ళు ఒక మాట అంటారు, అది న్యాయమైన మాటే: ‘చేత్తో కొట్టేవాడు మాత్రం తప్పులు చెయ్యడా?’ చేస్తాడు, బోలెడు. కానీ మనిషి తప్పుల రీతి మన పాత గుమస్తాలకి కంఠతా వచ్చు. తేడా తొమ్మిదితో భాగిస్తే నిశ్శేషంగా పోయిందా, అంకెలు తారుమారయ్యాయన్నమాట: 5400 బదులు 4500 పడితే తేడా 900. తేడాలో సరిగ్గా సగం మొత్తం ఎక్కడైనా ఉందా, అది ఒక వైపు పడాల్సింది రెండో వైపు పడిందన్నమాట. ఈ విద్య తరాల తరబడి పోగైంది. యంత్రం చేసే తప్పులకి వేరే రీతి ఉంది. అది అలసిపోయి తప్పు చేయదు, ఒకే తప్పుని ప్రతి పేజీలోనూ అదే చోట శ్రద్ధగా చేస్తుంది. ఆ రీతిని మనం ఇంకా నేర్చుకోలేదు, నేర్చుకోవాలన్న ఆలోచన కూడా చేయకుండా ‘ఆటోమేటిక్’ అన్న మాటకి లొంగిపోయాం.

కొత్తగా వస్తున్న ఏఐ సాఫ్ట్‌వేర్లతో ఇది మరో మెట్టు ఎక్కింది. పాత పద్ధతి అక్షర గుర్తింపు తప్పు చేస్తే తప్పు తప్పులాగే కనబడేది: 8 ఉండాల్సిన చోట బి అక్షరం, తేదీలో 45వ తారీఖు. కంటికి తగిలేది, దిద్దేవాళ్ళం. భాషా నమూనాల మీద నడిచేవి సగం చెరిగిపోయిన అంకె దగ్గర ఆగవు. అక్కడ ఏముంటే బాగుంటుందో అది రాసేస్తాయి. అది చక్కటి అంకె, నమ్మదగిన పేరు, నిఖార్సయిన తేదీ. అన్నీ బాగుంటాయి, నిజం తప్ప. ‘మాది ఏఐ’ అని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే నిల్వ కూడిక గురించి రెండోసారి అడగండి.

ఇప్పటిదాకా చెప్పింది చదవడం గురించి. దీనికి మించిన ప్రమాదం లెడ్జర్లలో వేయడంలో ఉంది. ‘నెరేషన్ చూసి లెడ్జర్ అదే ఎంచుకుంటుంది’ అన్నది నేటి ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండే వాక్యం. కరెంటు బిల్లు, బ్యాంకు చార్జీలు, ఈఎంఐ, జీఎస్టీ చలానా లాంటివాటికి అది బాగానే పనిచేస్తుంది, కాదనను. కానీ యూపీఐ నెరేషన్‌లో ఉండేదేమిటి? ఒక రిఫరెన్స్ నంబరు, సగంలో తెగిపోయిన ఒక పేరు, బ్యాంకు పేరు. ‘శ్రీనివాస’ దాకా కనబడి ఆగిపోతుంది. ఆ శ్రీనివాసరావు సరుకు కొన్న వ్యాపారా, చేబదులిచ్చిన బావమరిదా, చీటీ పాడుకున్న డబ్బు పంపిన మనిషా? ఆ లక్ష రూపాయలు అమ్మకమా, అప్పా, పార్టీ సొంత డబ్బేనా? దీనికి జవాబు పార్టీకి తెలుసు, నెరేషన్‌కి తెలియదు. అప్పుని అమ్మకంలో వేస్తే లేని ఆదాయానికి పన్ను. అమ్మకాన్ని అప్పులో వేస్తే, అప్పిచ్చినవాడెవడు, వాడికి ఆ స్తోమత ఉందా అని అసెస్‌మెంట్‌లో నిలదీస్తారు, జవాబు లేకపోతే 1961 ఆదాయపు పన్ను చట్టం 68వ సెక్షన్ కింద వివరణ లేని జమ అంటారు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గాని ప్రశ్న మారలేదు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఖాతానే తీసుకోండి. కొన్న వ్యాపారి దగ్గర్నుంచి సరుకు పూర్తి ధర అతని ఖాతాలోకి వస్తుంది. అందులోంచి కమీషను, ఖర్చులూ పట్టుకుని మిగతాది రైతుకి వెళ్తుంది. ఖాతాలో కోట్లు తిరుగుతాయి, అతనివి మాత్రం అందులో కమీషన్ రూపాయలే. రైతు తరఫున అమ్మిపెట్టే కచ్చా అడతీ వ్యాపారికి ఆడిట్ పరిమితి లెక్కలో టర్నోవరంటే కమీషనేనని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1986 మార్చి 17న, 452వ నంబరు సర్క్యులర్‌లో, నలభై ఏళ్ళ కిందటే తేల్చి చెప్పింది. నెరేషన్ చదివే సాఫ్ట్‌వేర్‌కి ఈ సర్క్యులరూ తెలియదు, యార్డూ తెలియదు. వచ్చిన ప్రతి జమనీ అమ్మకంలో, వెళ్ళిన ప్రతి రూపాయినీ కొనుగోలులో వేసేస్తుంది. ఆడిట్ పరిమితి ఎప్పుడో దాటిపోయి, కట్టాల్సిన అవసరం లేని పన్నుల ప్రశ్నలన్నీ తలుపు తడతాయి. నిల్వ మాత్రం సరిపోతుంది! అదే దీని మాయ.

మన వృత్తిలో ఇలాంటివాటికి ఎప్పటినుంచో ఒక చోటు ఉంది: సస్పెన్స్ ఖాతా. ఏమిటో తెలియని ఎంట్రీని అందులో వేసి, పార్టీకి ఫోన్ చేసి, జవాబు వచ్చాక తీస్తాం. సస్పెన్స్‌లో ఏమీ మిగలకపోవడాన్ని సాఫ్ట్‌వేర్లు విజయంగా చూపిస్తున్నాయి. నా లెక్కలో మొదటి రోజునే సస్పెన్స్ సున్నా అని చూపించే సాఫ్ట్‌వేర్ అబద్ధాలకోరు. నెలకి వందల యూపీఐ ఎంట్రీలుండే ఖాతాలో, పార్టీతో ఒక్క మాట మాట్లాడకుండా అన్నిటికీ లెడ్జర్లు దొరికాయంటే నమ్మడమెలా?

కాంట్రాల గొడవ, అంటే పార్టీ సొంత ఖాతాల మధ్య బదిలీల గొడవ, వేరే. పార్టీకి రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. ఒకదాన్నుంచి రెండోదానికి ఐదు లక్షలు పంపాడు. మొదటి స్టేట్‌మెంట్‌లో అది పోయిన డబ్బు, రెండోదాంట్లో వచ్చిన డబ్బు. రెండు స్టేట్‌మెంట్లనీ విడివిడిగా మార్చి టాలీలోకి పంపితే, సాఫ్ట్‌వేర్ రెండిట్నీ కాంట్రాలే అని తెలివిగా గుర్తించినా సరే, ఒకే బదిలీ రెండుసార్లు పడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక ఫైలు, సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఒక ఫైలు పంపితే సెప్టెంబరు మొత్తం రెండుసార్లు పడుతుంది. ‘చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే పోలా’ అంటారు. కంపెనీల విషయంలో 2023 ఏప్రిల్ ఒకటి నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి కూడా. రెండువేల వోచర్లు ఎక్కించి, చెరిపి, మళ్ళీ ఎక్కించిన చరిత్ర అంతా అందులో ఉంటుంది. అది మోసం కాదని ఎవరికి చెప్పుకుంటారు?

ఇక రహస్యం సంగతి. దీని గురించి మాట్లాడితే ‘క్లౌడంటే భయపడే పాతకాలపు మనుషులు’ అని ముద్ర వేస్తారు. వేయనివ్వండి. బ్యాంకు స్టేట్‌మెంటంటే మనిషి జీవితం. ఏ ఆస్పత్రికి కట్టాడు, ఎవరికి నెలనెలా పంపుతున్నాడు, పిల్లల ఫీజు ఎన్ని నెలలు ఆలస్యమైంది, ఏ ఫైనాన్స్ కంపెనీకిచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. యూపీఐ ఐడీల రూపంలో అతనితో లావాదేవీ చేసిన వందలమంది ఫోన్ నంబర్లూ ఉంటాయి, వాళ్ళు మన పార్టీలు కూడా కారు. ఆ ఫైలుకి బ్యాంకు వేసిన పాస్‌వర్డుని పార్టీ అదే వాట్సాప్‌లో పంపుతాడు, మనం దాన్ని ఊడదీసి, ఉచితంగా మార్చిపెడతామన్న ఏదో వెబ్‌సైటుకి ఎక్కిస్తాం. ఆ సర్వరు ఏ దేశంలో ఉందో, ఫైలు ఎన్నాళ్ళు ఉంచుకుంటారో, దాంతో తమ ఏఐకి పాఠాలు చెప్పుకుంటారో లేదో ఎవరూ అడగరు. ఉచితమన్నచోట ఈ అడగడం ఇంకా ఎక్కువ అవసరం.

1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు తెరిస్తే మొదటి భాగంలో మొదటి క్లాజే ఇది: పనిలో తెలిసిన పార్టీ సమాచారాన్ని అతని అనుమతి లేకుండా, చట్టం అడిగితే తప్ప, మరొకరికి వెల్లడించడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి, అమలు దశలవారీగా సాగుతోంది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. పని బయటివాడికి అప్పగించినా బాధ్యత అప్పగించినవాడిదే అని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. కాబట్టి ఆఫీసు కంప్యూటర్లోనే నడిచే సాఫ్ట్‌వేర్ దొరికితే, నాలుగు ఎంట్రీలు తక్కువ చదివినా, నా ఓటు దానికే. క్లౌడే తప్పనిసరైతే ఎక్కడ ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఎవరికి చూపిస్తారు అన్నది కాగితం మీద రాయించుకుని, పార్టీ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. నోటిమాట హామీలు చెల్లవు.

‘పెద్ద ఆఫీసులన్నీ వాడుతున్నాయి కదా’ అన్న వాదానికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. వాళ్ళకి విడిగా చూసే మనుషులున్నారు, మనకి ఇద్దరు ఆర్టికల్స్ ఉన్నారు. పేజీ ధర వాదం కూడా అంతే. పేజీకి మిగిలిన అర్ధరూపాయి ఒక్క నోటీసుకి జవాబు రాసే మధ్యాహ్నంతో సరి.

వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది, దాన్ని ఎవరూ అడగకపోవడమే నాకు ఆశ్చర్యం: అసలు పీడీఎఫ్ ఎందుకు? బ్యాంకు కంప్యూటర్లో అది వరసలూ గడులుగానే ఉంది. బ్యాంకు దాన్ని అచ్చుకి పనికొచ్చే బొమ్మగా మార్చింది, మనం డబ్బులిచ్చి ఆ బొమ్మని మళ్ళీ వరసలూ గడులుగా మారుస్తున్నాం. చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లో అదే స్టేట్‌మెంట్ ఎక్సెల్‌గానో సీఎస్‌వీగానో దొరుకుతుంది, పీడీఎఫ్ బొత్తాం పక్కనే. పార్టీ ఫోనులో పీడీఎఫ్ తేలిగ్గా వస్తుంది కాబట్టి పీడీఎఫ్ పంపుతాడు, మనం ఏమీ అనం. కొత్త టాలీప్రైమ్ ఎక్సెల్ నుంచి నేరుగా లావాదేవీలు తీసుకుంటుంది. పార్టీల్లో సగంమందికి ఎక్సెల్ ఎలా దింపాలో ఒక్కసారి నేర్పిస్తే, కన్వర్టరు అవసరమే సగమైపోతుంది. ఎక్సెల్‌ని ఎవరైనా దిద్దొచ్చు కదా అంటారేమో. పీడీఎఫ్‌ని కూడా దిద్దొచ్చు, దిద్దుతున్నారు. రెండిటికీ మందు ఆ నిల్వ కూడికే, ఆపైన అనుమానమొస్తే బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకోవడం.

పార్టీ సమ్మతితో బ్యాంకు నుంచి సమాచారం నేరుగా, డిజిటల్‌గా వచ్చే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. రిజర్వు బ్యాంకు లైసెన్సులిచ్చి నడిపిస్తున్న వ్యవస్థ అది. కానీ ఆ సమాచారం అందుకునే సంస్థ ఆర్థిక రంగ నియంత్రణ సంస్థల్లో ఏదో ఒకదాని కింద నమోదై ఉండాలి, మామూలు ఆడిటర్ ఆఫీసుకి ఆ తలుపు నేరుగా తెరుచుకోదు. అప్పిచ్చే కంపెనీకి నిమిషాల్లో అందే స్టేట్‌మెంటు, అదే మనిషి లెక్కలు రాసే ఆడిటర్‌కి అందదు! మన సంఘాలు, మన ఇన్‌స్టిట్యూట్ సదస్సుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకి స్టాళ్ళు ఇవ్వడం మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ తలుపు తెరిపించడం మీద పెడితే, పది కన్వర్టర్లు చేయలేని పని జరుగుతుంది.

అది జరిగేదాకా కన్వర్టర్లు కొనక తప్పదు. కొనేముందు వాళ్ళు తెచ్చిన డెమో ఫైలు పక్కన పెట్టించండి. మీ ఆఫీసులో అన్నిటికన్నా కష్టమైన ఓడీ ఖాతా స్టేట్‌మెంట్ ఒకటి తీసి, పేర్లూ ఖాతా నంబరూ కొట్టేసి, మధ్యలో ఒక పేజీ తీసేయండి. మిగతాదాన్ని మీ ఎదురుగానే మార్చమనండి. పదో పేజీకీ పన్నెండో పేజీకీ మధ్య నిల్వ కలవడం లేదని సాఫ్ట్‌వేర్ ఆగి చెబితే, అప్పుడు కూర్చోబెట్టి ధర మాట్లాడండి. అదే ఫైలుని రెండోసారి ఎక్కించి, ఇది ఇంతకుముందే వచ్చిందని చెబుతుందో లేదో కూడా చూడండి. ఏమీ అనకుండా అందమైన ఎక్సెల్ చేతిలో పెడితే మాత్రం, శాతం ఎంతైనా, ధర ఎంతైనా, వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించేయండి.